ఊ కొట్టని వంటిల్లు

నమోదు 1

ఈ పొద్దున ఊరి ఉమ్మడి వంటింటి నుంచి వచ్చిన గంజిలో నల్లటి పోగు ఒకటి తేలింది. బల్ల దగ్గరున్నవాళ్ళంతా వెంట్రుక అనుకున్నారు. నేను వేలితో తీసి నలిపి చూశాను. వెంట్రుక కాదు. మా మురుగు ట్యాంకు గోడలకు పట్టే జిగురు పోగు. రోజూ గీకేది నేనే కాబట్టి కళ్ళు మూసుకుని ముట్టుకున్నా దాన్ని గుర్తుపడతాను. అప్పటికే సగం గిన్నె తాగేసి ఉన్నాను.

బడిలో గంగాధర్ సార్ మమ్మల్ని ఎవరి ఇంటి యంత్రం గురించి వాళ్ళు రాస్తూ ఉండమన్నారు. మిగతా పిల్లలు మూతులు ముడుచుకున్నారు. నాకు మాత్రం లోపల గంతులేసినట్టయింది. ఒక్క అసహ్యానికే ఎన్ని మాటలున్నాయో ఈ మధ్యనే తెలిసింది. కంపు ముక్కుకు తగులుతుంది. వెగటు గొంతులో కూర్చుంటుంది. రోత కంటితో మొదలై ఒళ్ళంతా పాకుతుంది. ఈ గంజి కంపు కొట్టలేదు. వెగటుగా ఉంది. సరైన మాట దొరికినందుకు ఒక క్షణం సంతోషించి, తర్వాత వెళ్ళి కక్కుకున్నాను.

నా పేరు స్వరూప. మంచు కింద కట్టిన మా అడుగూరులో ఒక్కో ఇల్లు ఒక్కో యంత్రాన్ని చూసుకుంటుంది. మురుగు యంత్రాన్ని చూసుకునే ఇల్లు మాది. మేనత్త ఎల్లవ్వ దగ్గర పెరుగుతున్నాను.

నమోదు 2

మళ్ళీ అదే. ఈసారి పోగు కాదు, నీళ్ళ మీద సన్నటి మీగడలాంటి పొర. ఊదితే ముడుచుకుంది.

మా ఇంట్లో రోజు ఎలా మొదలవుతుందో రాస్తాను. పడుకునే వేళ ఊళ్ళో కరెంటంతా పైకప్పు మీద పేరుకునే మంచును కరిగించడానికి పోతుంది. కప్పు కూలితే కింద ఎవరమూ మిగలం కాబట్టి దానికి ఎవరూ అడ్డు చెప్పరు. యంత్రాలన్నీ నిద్రపోతాయి. ఊరు వాడిన నీళ్ళను వడపోసి తిరిగి వంటింటికి పంపేది మేమే. మా ట్యాంకులో కదలకుండా ఉన్న ఆ నీళ్ళు ఒక్కోసారి, ముఖ్యంగా మంచు ఎక్కువ పడిన మర్నాడు, చెడిపోయి ఉంటాయి. అందుకని మా యంత్రం లేవగానే నీళ్ళను పరీక్షించి వంటింటి యంత్రానికి తీగ మీద మాట పంపుతుంది. బాగుంటే "నీళ్ళు మంచివి" అంటుంది. లేకపోతే "మురికి, తెరవకు" అంటుంది. ఆ మాట వింటే వంటింటి వాల్వు మూసుకునే ఉంటుంది. మేము చెడ్డ నీళ్ళను వెనక్కి తిప్పి, మళ్ళీ వడపోసి, అప్పుడు మంచి కబురు పంపుతాం. ఏ మాటా వినపడకపోతే వంటిల్లు అంతా బాగుందనుకుని వాల్వు తెరుస్తుంది.

ప్రతి యంత్రం తన ఇంటి మనిషి గొంతుతోనే మాట్లాడుతుంది. మాది అత్త గొంతు. ఆమె చిన్నప్పుడు రికార్డు చేసింది. ఆ మాట ఇప్పటికీ స్టీలు గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటుంది.

అన్నిటికన్నా ముందు లేచేది మా యంత్రమే. దీన్ని మొదటి మేలుకొలుపు అంటారు. అత్త తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మీట నొక్కుతుంది. పూర్వం అది వంటింటివాళ్ళ హక్కు. మురుగు ఇల్లు అందరి తర్వాత లేవాలి. మావాళ్ళు నడవాలోకి రావాలన్నా మిగతా ఇళ్ళ తలుపులు తెరుచుకుని, మూసుకున్న తర్వాతే రావాలి. అత్త వయసువాళ్ళు ఒక రోజు ట్యాంకుల్లోంచి లేచి, చేతులు కడుక్కోకుండానే, పంచాయతీ గది నేల మీద వెళ్ళి కూర్చున్నారట. మొదట లేవనిచ్చేదాకా కదలబోమన్నారట. ఆ గది చాపలు తర్వాత కాల్చేయాల్సి వచ్చిందని అత్త ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

నమోదు 3

పసిపిల్లల గదిలో వాంతులు మొదలయ్యాయి. గుడ్డలు ఉతకడానికి మా ఇంటికే వచ్చాయి. వాటి గురించి రాయను. రాయడానికి మాటలు ఉన్నాయి కానీ వాటిని తాకాలని లేదు.

పంచాయతీ కూర్చుంది. యంత్రాలన్నిటినీ ఆపి మళ్ళీ లేపమన్నారు. లేపారు. నీళ్ళు అద్దంలా వచ్చాయి. అందరూ తలలు ఊపారు. ఇలా ఆపి లేపడం ఇక్కడివాళ్ళకు సర్వరోగ నివారిణి. చెడ్డ నీళ్ళన్నీ మొదటిసారే వంటింట్లోకి పోయాయనీ, రెండోసారి పోవడానికి ఇక మురికి మిగల్లేదనీ ఎవరికీ తట్టలేదు. నాకూ అప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

వంటింటి పెద్ద విఠల్‌రావు తాత లేచి, యంత్రాలు బాగానే ఉన్నాయనీ, లోపం చూసేవాళ్ళ చేతుల్లో ఉందనీ అన్నాడు. మా వైపు చూడకుండా అన్నాడు. ముక్కు దగ్గర కండువా పెట్టుకునే అన్నాడు, ఆ గదిలో వాసనేమీ లేకపోయినా. మురుగు ఇంటివాళ్ళు ముందు లేచే తొందరలో పని సరిగ్గా చేయడం లేదేమో అన్నాడు. చివరకు పంచాయతీ తేల్చింది ఇదీ: ఇంకొక్కసారి చెడ్డ నీళ్ళు వస్తే మొదటి మేలుకొలుపు తిరిగి వంటింటికి పోతుంది. మేము పూర్వంలాగే చివరికి పోతాం.

 అత్త ఇంటికొచ్చి ట్యాంకులోకి దిగి, నేను గీకిన గోడలనే మళ్ళీ గీకింది.

నమోదు 4

కారణం దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

బడి సామాన్లలోంచి రెండు ఇయర్‌ఫోన్లు అడిగి తెచ్చాను. ఒకటి మా యంత్రం తీగకూ, ఇంకొకటి వంటింటి యంత్రం తీగకూ తగిలించి చెరో చెవిలో పెట్టుకున్నాను. కప్పు మీద మంచు దట్టంగా పడిన మర్నాడు అది. అత్త మీట నొక్కింది. కాసేపటికి ఎడమ చెవిలో ఆమె గొంతు ఖంగుమంది: "మురికి, తెరవకు." ఒకే ఒక్కసారి. మా యంత్రం ఏ మాటైనా ఒకసారే చెబుతుంది.

కుడి చెవిలో వంటింటి యంత్రం అప్పటికింకా పేర్లు చదువుతోంది.

ఇది అన్ని ఇళ్ళకూ ఉన్న ఆచారమే. యంత్రం లేవగానే ఆ ఇంట్లో చనిపోయిన పెద్దల పేర్లు చదువుతుంది. అది అయ్యాకే పనిలోకి దిగుతుంది, చెవులు తెరుస్తుంది. మా ఇంటి పేర్లు పొడిగా ఉంటాయి, పేరు తర్వాత పేరు. వంటింటివాళ్ళవి అలా కాదు. ప్రతి పేరుకూ ముందు బిరుదు, వెనక ఘనకార్యం. పైగా ఈ మధ్యే విఠల్‌రావు తాత తండ్రి కిషన్‌రావు పోయాడు. ఆయన ఎవరెవరికి ఏమేం వడ్డించాడో, ఎన్ని రకాల నాచుతో పచ్చళ్ళు పెట్టాడో, అదంతా కొడుకు దగ్గరుండి చేర్పించాడు. యంత్రం ఇంకా ఆ పెద్దమనిషి పచ్చళ్ళ దగ్గర ఉండగానే అత్త మాట వచ్చింది, వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింటి యంత్రం పేర్లు ముగించి, చెవులు తెరిచి, ఏమీ వినపడక, "సిద్ధం" అంది. వాల్వు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

నేను పరుగెత్తుకెళ్ళి మా వైపు కుళాయి మూసేశాను కాబట్టి ఆ రోజు పెద్దగా ఏమీ కాలేదు. పైపులో మిగిలిన కొద్ది నీళ్ళే పోయాయి. కానీ రోజూ పరుగెత్తలేను.

పూర్వం వంటింటి పేర్లు తక్కువగా ఉండేవి. మా పరీక్ష ముగిసేలోపు అది చదవడం ముగించేది. ఎవరూ ఎవరి కోసమూ ఆగాలని అనుకోకపోయినా, అదృష్టం కొద్దీ అంతా సరిపోయేది. ఒక్కో చావుకూ అది కొద్దికొద్దిగా వెనకబడింది. ఇప్పుడు ఏ రోజు ఎవరు ముందవుతారో చెప్పలేం.

ఇక నన్ను పట్టి పీడిస్తున్న సంగతి రాస్తాను. పంచాయతీ అన్నట్టు మమ్మల్ని చివరికి పంపితే నీళ్ళు బాగుపడతాయి. మా యంత్రం లేవందే నీళ్ళు పారవు, అప్పటికి వంటిల్లు చెవులు తెరుచుకుని ఉంటుంది కాబట్టి మా మాట విని వాల్వు మూసుకుంటుంది కదా. శిక్ష పని చేస్తుంది. పని చేసింది కాబట్టి తప్పు మాదేనని, మేము ముందు లేవడమే పాపమని, తరతరాలు చెప్పుకుంటారు.

నమోదు 5

అత్తకు చెప్పాను. ఆమె చీర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ విన్నది.

"మనం ఎనక లేచినన్ని దినాలు నీళ్ళు మంచిగనే ఉండె అంటరు," అంది. "ఆ మాట నీ నోట్లకెల్లే రావాల్నా బిడ్డా?"

నేను అబద్ధం చెప్పలేనని అన్నాను. చెప్పమని ఎవరన్నారంది.  అన్నం పెట్టింది, తాను తినలేదు.

గంగాధర్ సార్‌కు కూడా చెప్పాను. ఆయనకు విషయం నేను సగం చెప్పేసరికే అర్థమైంది. అంత త్వరగా అర్థమైనందుకు ముచ్చటపడ్డాను. కానీ వెంటనే ఆయన చేయి ఊపేశాడు. వినేవాడు లేచాక చెప్పేవాడు లేవాలి, అంతే కదా, మీరు చివర లేస్తే సరిపోతుంది, ఇంత చిన్నదానికి గొడవ దేనికమ్మా అన్నాడు. నేను ఒక ప్రశ్న వేశాను. మధ్యాహ్నం వంటింటి యంత్రం ఒక్కటే మొరాయించి, ఆగి, మళ్ళీ లేచిందనుకోండి. అది పేర్లు చదువుతుండగా మా యంత్రం మురికి అని చెబితే? అప్పుడు మమ్మల్ని ఇంకెంత చివరికి పంపుతారు?

సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అలాంటప్పుడు మళ్ళీ ఆపి లేపుకోవచ్చన్నాడు. నాకు ఆయనంటే ఉన్న గౌరవం ఆ ఒక్క మాటకు కొంత కారిపోయింది. చదువుకున్న మనిషి, సరైన జవాబు పక్కనే ఉంటే, సులువైన జవాబు మీద కాలు చాపుకుని కూర్చోవడం చూస్తే ట్యాంకు పొర మీద చేయి వేసినట్టుంటుంది.

నమోదు 6

పంచాయతీలో నేనే మాట్లాడాను. అత్త నా వెనక కూర్చుంది.

ఎవరు ముందు లేచినా ఫరవాలేని పద్ధతి ఒకటుందని చెప్పాను. మా యంత్రం చెప్పింది చెప్పి ఊరుకోదు. వంటిల్లు "ఊ" అనేదాకా చెబుతూనే ఉంటుంది. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మనం చేసేది అదే కదా అన్నాను. ఊ కొట్టకపోతే నిద్రపోయారని తెలుస్తుంది, మేలుకున్నాక మళ్ళీ అక్కడినుంచి అందుకుంటాం. వంటింటి యంత్రం ఎన్ని పేర్లయినా చదువుకోవచ్చు. ఒక్క ఊ అంటే చాలు.

గదిలో కొందరు నవ్వారు, మంచి నవ్వే. పని అయిపోయిందనుకున్నాను.

విఠల్‌రావు తాత లేచాడు. కోపంగా లేడు. కండువాతో పెదాలు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"మీ మిషిన్ చెప్తది, మాది వింటది. ఇన్నేండ్లు గట్లనే నడిచింది," అన్నాడు. "ఇప్పుడు మురుగు మాటకు వంటిల్లు ఊ కొట్టాల్నా? తినే నోరమ్మా అది."

నేను కూర్చోవాల్సింది. కూర్చోలేకపోయాను. "ఊ అననందుకే తాతా, మా ట్యాంకు మీ నోట్లకొచ్చింది," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తీగ మీద గాలి యంత్రం, దీపాల యంత్రం, వంటిల్లు ఒకదానికొకటి ఊ కొట్టుకుంటాయని ఆ గదిలో ఒకరు చెబితేనే నాకు తెలిసింది. మా ఒక్కరికే ఎవరూ ఊ కొట్టరు. అది కట్టుబాటట. నేను పుట్టినప్పటినుంచీ ఆ తీగ పక్కన బతికి, ఆ సంగతి గమనించనేలేదు. పేర్లు తగ్గించుకోవచ్చు కదా అని ఎవరో నెమ్మదిగా అంటే, మా నాయన పేరు మీదనా చేయేస్తారు అని విఠల్‌రావు తాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దుఃఖం నిజమైనదే. అదే ఇంకా రోతగా అనిపించింది.

తీర్పు రేపటికి వాయిదా పడింది.

నమోదు 7

తీర్పు కోసం అత్త ఆగలేదు. మీట నొక్కే ముందు మా వైపు కుళాయిని మా యంత్రానికి ముడిపెట్టింది. "నీళ్ళు మంచివి" అన్నదానికి ఊ వినపడితేనే అది తెరుచుకుంటుంది. మాట పోతే పోయిందని నీళ్ళు వదిలే పద్ధతి ఇకనుంచి ఉండదు. మా యంత్రం "నీళ్ళు మంచివి" అని చెబుతూనే ఉంది. వంటిల్లు పేర్లు ముగించింది, చెవులు తెరిచింది, వాల్వు కూడా తెరిచింది, కానీ ఊ అనలేదు. అక్కడ నీళ్ళు లేవు. ఊరంతా పొడి రొట్టెలు నమిలింది. పసిపిల్లల గదికి మాత్రం నేనూ అత్తా మంచినీళ్ళు బిందెలతో మోసుకెళ్ళి ఇచ్చాం.

సాయంత్రానికి గంగాధర్ సార్ మొహం వెలిగిపోతూ వచ్చాడు. వంటిల్లు ఒప్పుకుందట. పరీక్ష కోసం ఒక ఊ రికార్డు చేసివ్వమన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఎన్ని ఊలు ఇచ్చానో. కథ వినే ఊ, నిద్ర మత్తులో ఊ, అర్థమైందనే ఊ, అర్థం కాకపోయినా అయిందనే ఊ. ఒక్క అక్షరంలో ఇంత చోటుందా అని నాకే ఆశ్చర్యమేసింది. సార్ ఒకటి ఎంచుకుని వెళ్ళిపోయాడు.

నమోదు 8

ఇయర్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. అత్త గొంతు చెబుతోంది, చెబుతోంది. అటు పచ్చళ్ళు ముగిశాయి. వంటింటి యంత్రం ఊ అంది.

అది నా గొంతు.

వాళ్ళ ఇంట్లో ఒక్కరు కూడా మాకు ఊ కొట్టడానికి నోరివ్వలేదు. కాబట్టి మా ఇంటి నోరే తెచ్చి వాళ్ళ యంత్రంలో పెట్టుకున్నారు. మా అత్త మాటకు మా అత్త మేనకోడలే ఊ కొడుతోంది. మధ్యలో వంటిల్లు శుభ్రంగా ఉంది. మాతో మాట్లాడకుండానే మాట్లాడినట్టయింది. సార్‌కు ఇదంతా ముందే తెలుసు. తెలిసే నవ్వుతూ వచ్చాడు.

నీళ్ళు పారాయి. మంచి నీళ్ళే. గంజి వచ్చింది, తెల్లగా, పొగలు కక్కుతూ. నా గిన్నె ముందుకు తోసేశాను. జిగురు పోగు తేలిన రోజు కూడా నాకు ఇంత వెగటు పుట్టలేదు.

అత్త ఇంకో ఇయర్‌ఫోను అడిగి తీసుకుని విన్నది. తీసేసి నా మొహం చూసింది.

"నీది నువ్వు అడిగి ఎనక్కి తెచ్చుకో," అంది. "గొంతు ఎవలిదో వాళ్ళదే."

అది నిజమే. ఊళ్ళో ఎవరి గొంతైనా, ఇచ్చినవాళ్ళు అడిగితే యంత్రంలోంచి తీసేయాలి. నేను వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాను. లోపలికి రమ్మనలేదు. ఇవ్వక తప్పలేదు కాబట్టి ఇచ్చారు. ఆ పూట నుంచి వంటింట్లో మళ్ళీ నీళ్ళు లేవు. బిందెలతో పసిపిల్లల గదికి మేము తిరుగుతూనే ఉన్నాం. పంచాయతీవాళ్ళు ఇంటికొచ్చారు, మొదటి మేలుకొలుపు ఇప్పుడే తీసేస్తామన్నారు. తీసేయండి, చివర లేచినా కుళాయికి ఊ కావాల్సిందేనని అత్త చెప్పింది. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

నమోదు 9

నిన్న వంటింట్లో ఏం జరిగిందో మా క్లాసులో ఉండే ఆ ఇంటి పిల్ల చెప్పింది. ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగారట. ఒక్కొక్కరూ మొహం తిప్పుకున్నారట. చివరకు విఠల్‌రావు తాత కోడలు, ఇంకా వాంతులు తగ్గని బిడ్డను చంకనేసుకుని, మీరు అనకపోతే నేనంటా మామా అని మైకు దగ్గరికి నడిచిందట. ఇంటి కోడలు మురుగుకు ఊ కొట్టడం చూడలేక ముసలాయనే ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడట.

పొద్దున అత్త మీట నొక్కింది. కప్పు మీద మంచు బాగా పడింది. నీళ్ళు చెడిపోయే ఉన్నాయి. "మురికి, తెరవకు." అటు పేర్లు. "మురికి, తెరవకు." అటు బిరుదులు, పచ్చళ్ళు. "మురికి, తెరవకు." పేర్లు అయిపోయాయి. తీగ మీద ముందు ఒక ఖాళీ. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత, నాలుక మీద పడిన పురుగును పక్కకు నెట్టినట్టు, "ఊ."

అత్త మాట ఆగింది. వంటింటి వాల్వు తెరుచుకోలేదు. మేము నీళ్ళను వెనక్కి తిప్పి వడపోశాం. అవి బాగుపడ్డాక "నీళ్ళు మంచివి" అని వెళ్ళింది. అదే దగ్గు, అదే పురుగు, అదే "ఊ". అప్పుడు రెండు వైపులా తెరుచుకున్నాయి. లేచే వరస మార్చే మాట పంచాయతీలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి కారణం ఏమీ మిగల్లేదు.

గంగాధర్ సార్ వచ్చి ఆ రికార్డు విని ఇబ్బందిపడ్డాడు. దగ్గు కత్తిరించి, ఆ విసుగు కొంచెం తగ్గించి, వినసొంపుగా చేసిస్తానన్నాడు. నేను సరేననబోయాను. అత్త నన్ను ఆపింది.

"ఉండనియ్యుండ్రి సారూ," అంది. "మేమంటే ఆయనకు ఎట్లుంటదో రోజూ పొద్దున అందరూ విననీ. ఉన్నదే అన్నడు గద. గని ఊ అయితే అనాలె."

ఆ మాట అని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ట్యాంకులోకి దిగింది. కాసేపయ్యాక లోపలినుంచి, ఆ మూల జిగురు అట్లనే ఉన్నదేందే, రాసుడు సాలిచ్చి దిగు అని పిలిచింది.